పదో రోజు చరణం

మా నాన్న దూదిని ఏకేవాడు, నేను మనుషుల్ని ఏకుతానని మా స్టాఫ్ రూమ్‌లో అంటారు. నా ఎదురుగా కాదు, నేను క్లాసుకు వెళ్ళాక. అందులో అబద్ధమేమీ లేదు గనుక నేనూ పట్టించుకోలేదు. ఏలూరులో మాకు పరుపుల దుకాణం ఉండేది. నాన్న విల్లు మీటుతూ దూదేకుతుంటే, ఆ చప్పుడులోనే కూర్చుని పద్యాలు బట్టీ పట్టాను. మా ఇంట్లో నమాజు అరబ్బీలో, దెబ్బలాట తెలుగులో. ఉర్దూ పక్కింటి వాళ్ళ భాష. నేను తెలుగు ఎమ్మే చదివి, తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పదహారేళ్ళుగా తెలుగు పాఠాలు చెబుతున్నాను.

నాకు ముప్పై తొమ్మిది నిండి నాలుగు నెలలయ్యాక, పాత విద్యార్థిని ఒకతె నా ఫోన్‌కి ఒక యూనివర్సిటీ నోటీసు పంపింది. ఇస్లామిక్ అధ్యయనాల్లో, అందులోనూ ముఖ్యంగా షియా అధ్యయనాల్లో పరిశోధనకు అవకాశాలున్నాయని దాని సారాంశం. పాత రాతప్రతులు, న్యాయశాస్త్రం, చరిత్ర, తత్వం అంటూ పెద్ద జాబితా ఇచ్చారు. అన్నిటికన్నా కింద ఒక చిన్న వాక్యం, స్థానిక భాషల్లో మొహర్రం సంప్రదాయాలు అని. ఆ వాక్యం నా కోసమే రాసి పెట్టారనిపించింది. దాని కిందే ఇంకో వాక్యం కూడా ఉంది. వయసు నలభై దాటకూడదు.

అంటే మళ్ళీ ఏడు నోటీసు వచ్చేసరికి నేను పనికిరాను. ఇరవై రెండో ఏట పిహెచ్‌డీ చేద్దామనుకున్నాను. పెళ్ళి, పిల్లలు, ఇంటర్ పేపర్లు దిద్దడం, వీటి మధ్య ఆ కోరిక అటకెక్కి కూర్చుంది. మా ఆయన మంచివాడే, చదువుకోవద్దని ఎన్నడూ అనలేదు. చదువుకోమని కూడా అనలేదు. ఇప్పుడు దింపకపోతే అది ఇక అటక మీదే ఉండిపోతుందని తెలిసిపోయింది. దరఖాస్తు పెడుతున్నానని మర్నాడే స్టాఫ్ రూమ్‌లో అందరికీ చెప్పేశాను. చెప్పేస్తే వెనక్కి తగ్గడానికి సిగ్గేస్తుందని నా లెక్క.

“మేడమ్ గారూ, ఏమీ అనుకోకండి,” అన్నాడు మా ఫిజిక్స్ లెక్చరర్. “మీకు పార్సీ రాదు, ఉర్దూ రాదు. అరబ్బీ చదవడమే గాని అర్థం తెలీదని మీరే అంటారు. పైగా మీరు షియాలు కూడా కాదు కదండీ. ఇంకేం పరిశోధన చేస్తారండీ?”

“మీరు గ్రహాల గురించి పాఠం చెబుతారు కదండీ, ఎప్పుడైనా వెళ్ళొచ్చారా?” అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన టీ గ్లాసు పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. పైకి ఆ మాట అన్నానే గాని, ఆయన అడిగింది నాకు లోపల గుచ్చుకుంది. అందుకే ఆ ఆదివారం ఏలూరు వెళ్ళి మాస్టారిని కలిశాను.

మా పాత దుకాణానికి రెండు వీధుల అవతల ఒక షియా కుటుంబం ఉంది. ఆ ఇంటి పెద్దాయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. నాకు పదో తరగతిలో లెక్కలు గట్టెక్కించింది ఆయనే. అప్పుడు ఆ ఇంటి ముందు గదిలో మొహర్రం నెలలో నల్లగుడ్డ కట్టి ఉండేది, నేను దాని కిందే కూర్చుని భిన్నాలు చేసేదాన్ని. ఆ గుడ్డ ఎందుకు కట్టారని ఒక్కనాడు కూడా అడగలేదు. ఇన్నేళ్ళకు అడగడానికి వెళ్ళాను.

మాస్టారు కథ చెప్పలేదు, ఆ కథ నాకు తెలుసని ఆయనకు తెలుసు. ప్రవక్త మనవణ్ణి, ఆయన వెంట ఉన్న కొద్దిమందినీ కర్బలా ఎడారిలో సైన్యం చుట్టుముట్టింది. పక్కనే ఏరు. ఏడో రోజు నుంచి వాళ్ళకు నీళ్ళు అందకుండా చేశారు. పదో రోజున చంపేశారు. ఆ దుఃఖమే షియాలకు ఏటా మొహర్రం. మా లాంటి వాళ్ళకు, మా ఊళ్ళలో హిందువులకు కూడా, అదే పీర్ల పండగ.

“ఆ పది రోజుల మీద పార్సీలో, అరబ్బీలో, ఉర్దూలో కొండంత పని జరిగిందమ్మా,” అన్నారు మాస్టారు. “ఇంకా జరుగుతూనే ఉంటుంది. వాళ్ళ పక్కన మీరు నిలబడలేరు, నిలబడక్కర్లేదు కూడానండి. మన కొల్లేటి పల్లెల్లో చావిడి దగ్గర ఆడవాళ్ళు తెలుగులో ఏం పాడుకుంటున్నారో ఎవరు రాశారు చెప్పండి? పీరుకి ఎవరు మొక్కుతున్నారు, కథలో ఏది ఉంచుకున్నారు, ఏది వదిలేశారు, ఎందుకు వదిలేశారు? అదంతా ఎవరూ దుక్కి దున్నని చేను. పెద్ద పెద్ద యూనివర్సిటీల వాళ్ళకి ఆ చేను ఉందనే తెలీదు. మీకు ఆ గట్టు మీద పెద్దమ్మ గారు ఉన్నారు. ఇంతకన్నా అవకాశం ఏం కావాలమ్మా?”

అప్పటికప్పుడే నా పిహెచ్‌డీ సగం అయిపోయినట్టనిపించింది. లేచి చెప్పులేసుకుంటుంటే ఆయన గుమ్మం దాకా వచ్చారు.

“పాట రాసుకునేటప్పుడు పైన రోజు వేసుకోండమ్మా. ఏ రోజు పాడారో అది ముఖ్యం.”

“తేదీ వేస్తానండీ మాస్టారూ, ఆ మాత్రం తెలీదా?” అన్నాను.

ఆయన ఇంకేదో చెప్పబోయి, నా తొందర చూసి నవ్వి ఊరుకున్నారు.

పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. డెబ్బై దాటాయి. గుండుగొలనులో బస్సు దిగి, షేర్ ఆటోలో చేపల చెరువుల గట్ల వెంట దక్షిణానికి పోతే, కొల్లేరు మొదలయ్యే చోట ఆవిడ ఊరు. దారి పొడుగునా మేతకోసం చెరువుల్లో కట్టిన తవుడు సంచుల వాసన. ఎటు చూసినా నీళ్ళే. తాగడానికి మాత్రం మంచినీళ్ళ టిన్నులు ఆటోలో వస్తాయి. ఆ టిన్నుల మధ్యే మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని నేను ఎన్నోసార్లు పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను.

ఆవిడ ఇల్లు పీర్ల చావిడిని ఆనుకుని ఉంటుంది. నెలపొడుపు కాగానే చావిడిలో పీర్లను నిలబెడతారు. పొడుగాటి కర్ర, పైన ఇత్తడి చెయ్యి, దానికి పట్టుగుడ్డలు, మల్లెదండలు. సాయంత్రాలు మగవాళ్ళవి, డప్పులూ ఊరేగింపులూ. మధ్యాహ్నాలు మాత్రం ఆడవాళ్ళవి. అన్నాలు తిని గిన్నెలు కడుక్కున్నాక చావిడి అరుగు మీదికి చేరతారు. పెద్దమ్మ పాట అందుకుంటుంది, మిగతావాళ్ళు వెనక పాడతారు. మా వాళ్ళు నలుగురైదుగురే. మిగతా అందరూ చేపల చెరువుల మీద కూలికి వెళ్ళే ఆడవాళ్ళు, పక్క వీధిలోని చర్చి కుటుంబాల వాళ్ళు.

చిన్నప్పుడు అమ్మ నన్ను ఏటా ఏడో రోజున అక్కడికి తీసుకెళ్ళేది. అమ్మ మొక్కు ఏడో రోజుకి. రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి మలీదా చేసి డబ్బాలో పెట్టుకుని వెళ్ళేవాళ్ళం. సాయంత్రం బస్సుకి తిరిగి వచ్చేసేవాళ్ళం. పదో రోజున మాకు ఏలూరులోనే పీర్లు. ఊరేగింపు మా దుకాణం ముందునుంచే వెళ్ళేది. అలా పన్నెండు పదమూడేళ్ళు పెద్దమ్మ పాట విన్నాను. ఆ పాట నాకు నోటికి వచ్చుననుకునేదాన్ని.

ఆ ఏడు ఏడో రోజు శుక్రవారం పడింది. దరఖాస్తుకి శనివారం ఆఖరు. పూట సెలవు పెట్టి, ఫోన్ నిండా చార్జింగ్ చేసుకుని, అరుగు మీద పెద్దమ్మ పక్కనే కూర్చున్నాను. ఆవిడ గొంతు కాస్త బొంగురు పోయింది గాని పట్టు తగ్గలేదు. ఇల్లు వదిలి బయల్దేరిన దగ్గరనుంచి మొదలుపెట్టి, దారిలో గుర్రం మొరాయించడం, ఎడారిలో డేరాలు వేయడం, అన్నీ పాడి, నీళ్ళ దగ్గరకు వచ్చింది.

“చుట్టూ చూస్తే ఏరమ్మా, ఏటి నిండా నీరమ్మా,
పాలు మరిచిన పసిబిడ్డ పెదవికి బొట్టు లేదమ్మా.”

అక్కడ ఆగిపోయింది. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు.

“తర్వాత?” అన్నాను, ఫోన్ ఇంకాస్త దగ్గర పెట్టి.

“ఈ పూటకి ఇంతేనే,” అంది పెద్దమ్మ.

“కథ అవలేదు కదా పెద్దమ్మా. మర్చిపోయావా?”

ఆవిడ నా వైపు ఒకసారి చూసి, వక్క నోట్లో వేసుకుని లోపలికి వెళ్ళింది. పెద్దతనం కదా, చెప్పుకోవడానికి చిన్నతనంగా ఉండి వెళ్ళిపోయిందనుకున్నాను. నాకు జాలేసింది. ఆలోచిస్తే, చిన్నప్పుడు కూడా పాట అక్కడే ఆగేది. అంటే ముప్పై ఏళ్ళ కిందటే ఆఖరి భాగం పోయిందన్న మాట! బస్సులో కిటికీ పక్కన కూర్చుని తాడేపల్లిగూడెం వచ్చేదాకా ఆ నష్టానికి బాధపడ్డాను. బాధపడుతూనే, దాన్ని నేనెలా పూడుస్తానో కూడా ఆలోచించుకున్నాను.

మర్నాడు కాలేజీలో ఖాళీ పీరియడ్లన్నీ కలుపుకుని ప్రతిపాదన పూర్తి చేశాను. అందులో నేను బాగా మురిసిపోయిన వాక్యం ఇది: ‘ఈ గేయం ముగింపు గాయకురాలి మరుపు వల్ల లుప్తమైంది, లిఖిత ఆధారాల సాయంతో దాన్ని పునర్నిర్మించడం ఈ పరిశోధన లక్ష్యాల్లో ఒకటి.’ అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? తెలుగు లెక్చరర్‌ని. పాట వరస నా చెవిలో ఉంది. ఆ ముగింపు ఎలా ఉండి ఉంటుందో పన్నెండు పాదాలు నేనే కట్టి, నమూనాగా అనుబంధంలో పెట్టాను. కత్తుల మెరుపులు పెట్టాను. నెత్తుటేరులు పారించాను. ఆకాశం చేత కూడా ఏడిపించాను. సాయంత్రం నాలుగింటికి సబ్మిట్ నొక్కి, ఫిజిక్స్ లెక్చరర్‌కి నేనే టీ తెప్పించాను.

ఆదివారం తొమ్మిదో రోజు. సోమవారం మొహర్రం సెలవు ఎలాగూ ఉంది, పెద్దమ్మకు ఈ మాట చెప్పి రాత్రికి అక్కడే ఉండిపోదామని బట్టలు సర్దుకుని బయల్దేరాను. నేను వెళ్ళేసరికి అరుగు నిండుగా ఉంది, పాట అప్పుడే ముగిసింది. అందరూ అక్కడే ఉన్నారు కదా అని నాకు ఉత్సాహం ముంచుకొచ్చింది.

“పెద్దమ్మా, నువ్వు మర్చిపోయిన భాగం నేను కట్టాను. విను,” అని ఫోన్‌లోంచి చదవడం మొదలుపెట్టాను.

మూడో పాదంలో కత్తి లేచింది. నాలుగో పాదంలో ఇమాం నేల మీద పడ్డాడు.

“ఆపవే!” అంది పెద్దమ్మ. కొంగు తలమీదికి లాక్కుని రెండు చేతుల్తో చెవులు మూసుకుంది. “ఆపు, ఆపు. ఇవాళ తొమ్మిదే కదే! ఆయన ఇంకా బతికే ఉన్నాడు. నువ్వెందుకే చంపేశావు?”

ఒక ముసలావిడ గుండెల మీద చెయ్యి వేసుకుని చావిడి వైపు తిరిగి ఏదో గొణుక్కుంది. నాకేమీ అర్థం కాలేదు. నా పక్కన కూర్చున్నామె చర్చి వీధి నుంచి వచ్చే ఆవిడ, అంగన్‌వాడీలో చేస్తుంది. ఆవిడే మెల్లిగా చెప్పింది.

“మీకు తెలీదాండీ? రోజుకో చరణమేనండీ పాడేది. నిన్నటిదాకా పాడింది పాడి, ఇవాళ్టిది ఒక్కటే కలుపుతారండీ. పదో రోజు చరణం పదో రోజునేనండి. ముందు పాడితే ఆయన్ని ముందే చంపినట్టు కదండీ. మా అత్తగారు పదో రోజు మాత్రం ఎన్ని పనులున్నా వచ్చేసేవారండీ ఇక్కడికి.”

నాకు తల కొట్టేసినట్టయింది. పన్నెండు పదమూడేళ్ళు ఏటా ఏడో రోజున వచ్చి, ఏడో రోజు పాటనే మొత్తం పాట అనుకున్నాను. నలభై ఏళ్ళు వస్తున్నా, ఆ వీధి చివర చర్చికి వెళ్ళే ఆవిడకు తెలిసింది నాకు తెలీదు. నిజం చెప్పొద్దూ, సిగ్గు కన్నా ముందు నాకు పెద్దమ్మ మీద కోపం వచ్చింది. ఆడవాళ్ళందరూ వెళ్ళాక వంటింట్లో ఆవిడతో దెబ్బలాటకు దిగాను.

“మొన్ననే చెప్పొచ్చు కదా పెద్దమ్మా!”

“చెప్పాను కదే, ఈ పూటకి ఇంతే అని.”

“అలా చెబితే నాకెలా తెలుస్తుంది?”

“నువ్వు ఆ ఫోను చూసుకుంటున్నావు. నా మాట వినిపించుకున్నావా?” అంది ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ. నేనూ చాటలో చెయ్యి పెట్టి రాళ్ళు ఏరాను. నేను దెబ్బలాట మధ్యలో ఆపడం మా ఇంట్లో అరుదు.

ఆ యూనివర్సిటీ వాళ్ళ వెబ్‌సైట్ తెరిచి చూశాను. ఒకసారి పంపిన దరఖాస్తు మార్చడానికి వీల్లేదని ఎర్ర అక్షరాల్లో ఉంది. పెద్దమ్మకు మరుపని, పాట పోయిందని, దాన్ని నేను బాగుచేస్తానని నా సంతకంతో వెళ్ళిపోయింది. నాకున్న ఒకే ఒక్క అవకాశం ఆ తప్పు మీద నిలబడి ఉంది.

మర్నాడు పదో రోజు. పొద్దున్నుంచి ఆకాశం ముసురు పట్టి ఉంది. మధ్యాహ్నానికి అరుగు చాలక జనం ఎదురింటి పంచలో కూడా కూర్చున్నారు. చెరువుల మీద పని మానేసి వచ్చిన ఆడవాళ్ళ చేతులు ఇంకా చేపవాసనే వేస్తున్నాయి. పెద్దమ్మ మొదటి చరణం నుంచి అందుకుంది. తొమ్మిదీ పాడింది. కాసేపు ఆగి కళ్ళు మూసుకుంది. తర్వాత పదోది పాడింది.

నేను కట్టిన పన్నెండు పాదాలకూ దానికీ ఏ పోలికా లేదు. అందులో కత్తి లేదు, నెత్తురు లేదు, ఆకాశం ఊసే లేదు. రెండే పాదాలు. ఇంట్లో రోజూ మాట్లాడుకునే మాటలు. అంతవరకే చెప్పగలను. అది వింటూ నేను చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా పదిమందిలో అలా ఏడవలేదు. పాట అవగానే టిన్నుల్లోంచి మంచినీళ్ళు గ్లాసుల్లో పోసి, బెల్లం కలిపి, ముందు పిల్లలకు, తర్వాత అందరికీ ఇచ్చారు. గ్లాసు అందుకుంటుంటే చేతిలో ఫోన్ అడ్డం వచ్చింది. అప్పుడు చూసుకున్నాను. రికార్డు చెయ్యడానికే చేతిలో పట్టుకుని కూర్చున్నాను, నొక్కడం మర్చిపోయాను. పెద్దమ్మకు మరుపని రాసినదాన్ని నేనే.

ఏలూరు వెళ్ళి మాస్టారికి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“రోజు వేయమన్నానమ్మా.”

“తేదీ వేశానండీ.”

“ఇంగ్లీషు తేదీ వేశారు. నేను నెలపొడుపు నుంచి లెక్క పెట్టమన్నాను. నా లెక్క పదో తరగతిలోనూ సరిగ్గా వినలేదు మీరు.” తర్వాత నవ్వు ఆపి అన్నారు, “పాట పోలేదు. రోజు కోసం ఆగి ఉంది. ఇది చాలా పెద్ద సంగతమ్మా, ఏ పుస్తకంలోనూ లేదు. కాకపోతే మీ దరఖాస్తులో దీనికి తలకిందులుగా రాసి ఉంది.”

“ఏం చెయ్యమంటారండీ?”

“నేను చెప్పకూడదండి. ఇది లెక్క కాదు,” అన్నారు.

మూడు వారాలకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది, కంప్యూటర్‌లోనే. మా కాలేజీ ల్యాబ్‌లో కూర్చున్నాను. తెర మీద మూడు ముఖాలు. ఇద్దరు ఇంగ్లీషులోనే మాట్లాడారు. మూడో ఆవిడకు తెలుగు వచ్చు, జరీ అంచు చీరలో, నా కన్నా పదేళ్ళు పెద్ద ఉంటారు. మొదటి పది నిమిషాలూ నేను బాగా చెప్పాను. షియా అధ్యయనాల్లో గ్రంథాల మీద జరిగినంత పని నోటి పాట మీద ఎందుకు జరగాలో, షియాలు కాని ఊళ్ళలో ఆ దుఃఖం ఎందుకు నిలిచిందో, తాగే నీళ్ళు కొనుక్కునే కొల్లేటి ఆడవాళ్ళకు ఏటి పక్కన దాహం అంటే ఎవరూ వివరించనక్కర్లేదని చెప్పాను. ఇద్దరూ తలలూపుతున్నారు. అప్పుడు ఆవిడ నవ్వుతూ తెలుగులో అన్నారు.

“మీరు పునర్నిర్మించిన ముగింపు చాలా బావుందండీ. మాకు మీ ప్రతిపాదనలో అన్నిటికన్నా నచ్చింది అదే.”

సీటు నా చేతికి అందినట్టే ఉంది. థాంక్యూ అండీ అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. పెద్దమ్మ చెవులు మూసుకున్న చేతులు గుర్తొచ్చాయి.

“అది తప్పండీ,” అన్నాను. “పాట పోలేదు. మా పెద్దమ్మకు మరుపు లేదు. నేను ఏడో రోజున విని అదే మొత్తం అనుకున్నాను. రోజుకో చరణం కలుపుతారట, చావు చరణం పదో రోజునే పాడతారట. దరఖాస్తు పంపాక తెలిసింది. ఆ పన్నెండు పాదాలు నేను కట్టినవి, వాటిని దయచేసి లెక్కలోకి తీసుకోకండి.”

నా మొహం తెర మూలన చిన్న గడిలో నాకే కనిపిస్తోంది, చెమటలు పట్టి. ఆవిడ నా మాటల్ని మిగతా ఇద్దరికీ ఇంగ్లీషులో చెప్పారు.

“అసలు చరణం మీరు విన్నారా?” అని ఇటు తిరిగి అడిగారు.

“విన్నానండీ.”

“రికార్డు ఉందా?”

“లేదండీ. నొక్కడం మర్చిపోయాను.”

“పోనీ గుర్తుందా?”

“ఉందండీ. బాగా గుర్తుంది.”

“అయితే ఒకసారి పాడండి. లేదా మాటలు చెప్పండి చాలు. మీరు చెప్పేదానికి అదొక్కటే కదండీ ఆధారం.”

ఆవిడ అడిగింది న్యాయమే. నేను ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. నలభై రావడానికి నాకింక నెలలే ఉన్నాయి. నేను నోరు విప్పితే రెండు పాదాలు, అంతే. ల్యాబ్‌లో ఎవరూ లేరు, పెద్దమ్మకు ఎన్నటికీ తెలియదు.

“క్షమించండి, ఇవాళ పాడకూడదండీ,” అన్నాను.

“పరిశోధన కోసం కూడానా?”

“పరిశోధన కోసమైతే మరీనండీ. నేను ఇప్పుడు పాడేస్తే, అది ఆగి ఉంటుందని నేను చెప్పిన మాటే అబద్ధమైపోతుంది.”

“మరి మేమెప్పుడు వినాలి?”

“వచ్చే మొహర్రం పదో రోజు మధ్యాహ్నం రండి. గుండుగొలనులో దిగితే నేను తీసుకెళ్తాను. మంచినీళ్ళు మాత్రం మీరు తెచ్చుకోవాలండీ,” అన్నాను. ఆ ఆఖరి మాట అనక్కర్లేదు. భయం వేసినప్పుడు నాకు వెటకారం వస్తుంది.

ఆవిడ నవ్వారో లేదో, తెర ఆగిపోయింది. నెట్ పోయింది. మళ్ళీ వచ్చేసరికి వాళ్ళు లేరు. ఇంటికి వెళ్ళి చారు పెట్టి, అప్పడాలు వేయించి, పిల్లల్ని అకారణంగా తిట్టాను. పోయిందనే అనుకున్నాను. ఏడుపొచ్చింది, కాని చేసింది తప్పని మాత్రం ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఆ సంగతి నాకే ఆశ్చర్యం.

పద్దెనిమిది రోజులకు మెయిల్ వచ్చింది. చేరమన్నారు. ఒక షరతు పెట్టారు. ‘లుప్తమైన గేయం’ అన్న మాట శీర్షికలోంచి తీసేసి, రోజుల క్రమాన్నే అంశంగా తీసుకోవాలి. నలభై నిండడానికి ఇంకా చాలా రోజులుండగానే చేరాను. స్టాఫ్ రూమ్‌లో ఫిజిక్స్ లెక్చరర్ అందరికీ మైసూరుపాక్ పంచాడు, నేను కొనకుండానే. నేనూ ఆయన్ని ఆ వారమంతా ఏమీ అనలేదు.

పెద్దమ్మకు ఫోన్ చేసి చెబితే, “మంచిది తల్లీ. ఈసారి ఒకటో రోజు నుంచి రా,” అంది. అన్ని అభినందనల మధ్య ఆ మాటకు మాత్రం నాకు భయమేసింది. డెబ్బై దాటిన మనిషి, ఏడాది ఆగాలి. ఆ చరణం ఇప్పుడు లోకంలో ఎక్కడా రాసి లేదు. ఆవిడకూ, ఆ అరుగు మీద కూర్చునే కొద్దిమందికీ, నాకూ మాత్రమే తెలుసు. ఇక్కడ కూడా రాయడం లేదు. మీరు దీన్ని ఏ రోజున చదువుతారో నాకు తెలియదు కదా.

ఈ ఏడు నెలపొడుపు చూసి, మర్నాడే వెళ్ళాను. పది రోజులకు సెలవు పెట్టాను, జీతం నష్టమైనా సరేనని. అరుగు మీద అందరూ చేరారు. పెద్దమ్మ బాగా చిక్కిపోయింది. చలికాలంలో పట్టిన దగ్గు తగ్గనే లేదు. పాట అందుకోబోయి, దగ్గు తెర వచ్చి ఆగింది. మళ్ళీ అందుకుంది, మళ్ళీ ఆగింది. నా మోకాలి మీద చెయ్యి వేసింది.

“నువ్వందుకోవే,” అంది.

పాట రాసుకోవడానికి తెచ్చిన పుస్తకం మూసి పక్కన పెట్టాను. ఫోన్ తియ్యలేదు. పాడాను. నా గొంతు పాటకు పనికొచ్చే గొంతు కాదు, క్లాసులో అరిచి అరిచి గట్టిపడిపోయింది. అయినా వెనక ఆడవాళ్ళు అందుకున్నారు, అంగన్‌వాడీ ఆవిడ అందరికన్నా గట్టిగా. ఇంటికి తాళం వేయడం, చంటిబిడ్డను ఎత్తుకోవడం, అందరూ గుమ్మం దిగడం. ఒకటో రోజు చరణం అంతే. వాళ్ళు ఇంకా ఊరు కూడా దాటలేదు. అందరూ బతికే ఉన్నారు. ఆగాను.

ఆ వీధికి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఒకతె ముందు వరసలో కూర్చుని ఉంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది.

“తర్వాత ఏమైందండీ?” అని అడిగింది.

నాకు తర్వాతది తెలుసు. పదోదాకా తెలుసు.

“ఈ పూటకి ఇంతేనమ్మా,” అన్నాను.